ఏడాది ప్లాన్‌తో ‘ఫ్రీ రౌటర్’ ఇస్తామంటే ముందు దాని పోర్టులు చూడండి

గుంటూరులో కొత్తగా ఫైబర్ కనెక్షన్ తీసుకుంటున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. మా ఏరియా ఆపరేటర్ దగ్గర 200 ఎంబీపీఎస్ ప్లాన్‌కి ఏడాది డబ్బు ముందే కట్టాం. రౌటర్ ఫ్రీ, బిగించడం ఫ్రీ అన్నారు. లైన్‌లో లోపమేమీ లేదు. కానీ వాళ్లిచ్చిన రౌటర్ ఉన్నంతకాలం ఆ 200 మా ఇంట్లోకి రాదు.

ఫైబర్ వైరు వచ్చి చేరే చిన్న బాక్స్‌ని ఓఎన్‌యూ అంటారు. అక్కడి నుంచి లాన్ కేబుల్ రౌటర్‌కి వెళ్తుంది. మాకిచ్చిన రౌటర్‌లో పోర్టులన్నీ 10/100 రకం, అంటే 100 ఎంబీపీఎస్ దాటనివ్వనివి. ప్లాన్ 200 అయినా 500 అయినా స్పీడ్ టెస్ట్ 94, 95 దగ్గర ఆగిపోతుంది. పైగా అది 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఉన్న సింగిల్ బ్యాండ్. అపార్ట్‌మెంట్‌లో చుట్టూ ఉన్న ఫ్లాట్ల వైఫైలు కూడా ఆ బ్యాండ్‌లోనే ఉంటాయి. అందులో ఒకదానికొకటి అడ్డురాని చానళ్లు 1, 6, 11 మూడే. సాయంత్రం అందరూ ఇళ్లకు చేరాక మా ఫోన్లలో 30 కూడా దాటదు. డబ్బా మీద మాత్రం 300 ఎంబీపీఎస్ అని పెద్ద అక్షరాలతో ఉంది! అది వైఫైకి కాగితం మీద ఉండే గరిష్ఠ లెక్క, మన చేతికొచ్చే స్పీడ్ కాదు.

బిగించడానికి వచ్చినతను యూట్యూబ్‌లో ఒక పాట పెట్టి, ‘వస్తోంది కదండీ’ అని సంతకం పెట్టించుకుని వెళ్లాడు. హెచ్‌డీ వీడియోకి 5 ఎంబీపీఎస్ ఉంటే చాలు. పాట ఆగకుండా వచ్చినంత మాత్రాన ప్లాన్ స్పీడ్ వస్తున్నట్టు కాదు. అతను ఇంట్లో ఉండగానే ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి టెస్ట్ చేయించండి. విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్నెట్ దగ్గర లింక్ స్పీడ్ 1000 అని కనిపించాలి. 100 అని ఉంటే పోర్టో కేబులో సరిపోవడం లేదన్నమాట. మీ ల్యాప్‌టాప్ పోర్టు గిగాబిట్‌దేనా, అంటే 1000 ఎంబీపీఎస్ రకమేనా అన్నది కూడా చూసుకోండి.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది వేరే సంగతి. రౌటర్ ఆన్ చేయగానే ఎవరో మరొకరి పేరుతో వైఫై కనిపించింది. అంటే ఇంకో ఇంట్లో వాడినదాన్ని రీసెట్ కూడా చేయకుండా మాకు తెచ్చి పెట్టారు. అడిగితే ‘కొత్తదే సార్, టెస్టింగ్‌కి వాడాం’ అన్నారు. రౌటర్ సెట్టింగ్స్ మార్చే లాగిన్ పేజీకి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ అడ్మిన్. వైఫై పాస్‌వర్డ్‌గా నా ఫోన్ నంబర్ పెట్టారు. మన నంబర్ వాచ్‌మన్ దగ్గర నుంచి కొరియర్ అబ్బాయి దాకా అందరి దగ్గరా ఉంటుంది! 2016లో మిరాయ్ అనే మాల్వేర్ లక్షల పరికరాల్లోకి దూరింది ఇలాంటి మార్చని పాస్‌వర్డ్‌ల వల్లే. అతను గుమ్మం దాటకముందే రౌటర్ రీసెట్ చేయించి, రెండు పాస్‌వర్డ్‌లూ మీరే మార్చుకోండి, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపే సదుపాయం) ఆపేయండి. రీసెట్‌కి ముందు పీపీపీఓఈ (రౌటర్ ఆపరేటర్ నెట్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ఆపరేటర్ లైన్‌కి పెట్టే వీల్యాన్ ఐడీ అనే నంబర్ ఉంటే అదీ రాయించుకోవడం మాత్రం మర్చిపోవద్దు. అవి లేకపోతే నెట్ మళ్లీ రాదు.

మాకు ఆ వివరాలే ఇవ్వడం లేదు. సొంతంగా మంచి రౌటర్ కొనుక్కుంటామన్నా ‘కంపెనీ రూల్’ అంటున్నారు. 2.4తో పాటు 5 గిగాహెర్ట్జ్ కూడా ఉండే డ్యూయల్ బ్యాండ్ కావాలంటే తమ దగ్గరే డబ్బు కట్టి కొనాలట. అసలు ఉద్దేశం అదేనని నా నమ్మకం. కస్టమర్ కేర్‌కి ఎప్పుడు ఫోన్ చేసినా ఆఫ్ చేసి ఆన్ చేయమనడం తప్ప మరో మాట లేదు.

కాబట్టి ఏడాదికి కట్టకండి, మొదట ఒక నెల తీసుకుని చూడండి. రౌటర్ మోడల్ నంబర్, గిగాబిట్ పోర్టులు, 5 గిగాహెర్ట్జ్ ఉన్నాయా అన్నది వాట్సాప్‌లో రాతపూర్వకంగా తెప్పించుకోండి. సొంత రౌటర్ వాడుకోనిస్తారా అని అప్పుడే అడగండి. ఇప్పటికే నాలా ఇరుక్కున్నవాళ్లు కస్టమర్ కేర్‌లో డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తప్పకుండా తీసుకోండి. అక్కడ తేలకపోతే ఆ కంపెనీలోనే ఫిర్యాదును పైస్థాయిలో మళ్లీ చూసే అప్పీలేట్ అథారిటీకి రాయవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కీ ఫోన్ చేయవచ్చు. లింక్ స్పీడ్ స్క్రీన్‌షాట్, రౌటర్ అడుగున ఉన్న స్టిక్కర్ ఫొటో జతచేసి నేను ఫిర్యాదు పెట్టాను. రౌటర్ మారుస్తామని ఫోన్ అయితే వచ్చింది, మనిషి ఇంకా రాలేదు.