‘ప్యూర్ టేక్ వుడ్’ హెడ్‌ఫోన్ స్టాండ్ కిట్ కొనబోతున్నారా? ముందు పలక అంచు ఫొటో అడగండి

ఆన్‌లైన్‌లో ‘ప్యూర్ టేక్ వుడ్, ఇంట్లోనే బిగించుకోండి’ అంటూ అమ్ముతున్న హెడ్‌ఫోన్ స్టాండ్ కిట్ గురించి ఈ హెచ్చరిక. అది టేకు కాదు, ఎండీఎఫ్, అంటే చెక్క పొట్టును జిగురుతో కలిపి నొక్కి చేసిన పలక. అంతటితో పోతే నష్టం డబ్బు వరకే. కానీ దాన్ని తయారుచేసిన తీరు వల్ల హెడ్‌ఫోన్ కూడా పాడయ్యే ప్రమాదం ఉంది. అమ్మేవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. లోపాలు ఎక్కడున్నాయో తెలిస్తే ఇదే సరుకు ఏ పేరుతో వచ్చినా గుర్తుపట్టవచ్చు.

పెట్టెలో వచ్చేవి ఇవి: 15×12 సెం.మీ. అడుగు పలక, 24×4 సెం.మీ. నిలువు పలక, రెండూ 12 మి.మీ. మందం. పైన పెట్టడానికి రెగ్జిన్ చుట్టిన 2 సెం.మీ. వెడల్పు వంపు ముక్క. నాలుగు నల్ల జిప్సం స్క్రూలు (జిప్సం బోర్డులు బిగించడానికి వాడేవి), ఒక చిన్న జిగురు ట్యూబు. పలకల మీద కనిపించే టేకు గీతలు అచ్చువేసిన కాగితం మీదివి. అంచుల చుట్టూ అదే రంగు పట్టీ అతికించారు. స్క్రూ కోసం వేసిన రంధ్రంలోకి టార్చి కొట్టి చూస్తే గోధుమరంగు పొట్టు నొక్కినట్టుండే ఎండీఎఫ్ బయటపడుతుంది.

బరువుగా ఉంది కాబట్టి టేకే అనుకోవద్దు. మామూలు ఎండీఎఫ్ ఘనపు మీటరుకు 700 నుంచి 750 కిలోలు, ఎండిన టేకు దాదాపు 650. అంటే నకిలీయే కాస్త బరువు. చూడాల్సింది అంచు. అసలు చెక్కలో పైముఖం మీది గీత అంచు దాటి పక్కకు దిగుతుంది, కొసన రేఖలు కనిపిస్తాయి. కాగితం వేసిన పలకలో గీత అంచు దగ్గర తెగిపోతుంది. అందుకే అమ్మేవాళ్లు ఎప్పుడూ ఏటవాలుగా, పైముఖం మాత్రమే కనిపించేలా ఫొటోలు పెడతారు.

అసలు ముప్పు అతుకు దగ్గరుంది. అడుగు పలక కిందినుంచి వచ్చే స్క్రూలు నిలువు పలక అంచులోకి దిగుతాయి. ఎండీఎఫ్ ముఖం గట్టిగా ఉంటుంది, మధ్య పొర మెత్తన. అంచులోకి స్క్రూ దిగిందంటే పొరల మధ్య మేకు కొట్టి విడదీసినట్టే. కిట్‌లో నిలువు పలకకు ముందస్తు రంధ్రాలు కూడా లేవు, స్క్రూతోనే తొలుచుకోమంటారు. చాలాసార్లు బిగిస్తుండగానే అంచు ఉబ్బి చీలుతుంది. చీలకపోయినా ఎక్కువ రోజులు ఆగదు. హెడ్‌ఫోన్ తీసేటప్పుడు పైకొనను కొంచెం ముందుకు లాగడం సహజం. 24 సెం.మీ. ఎత్తున ఒక కిలో బలంతో లాగితే, స్క్రూ నుంచి పలక అంచుకు దూరం 6 మి.మీ. మాత్రమే కాబట్టి, స్క్రూల మీద దాదాపు 40 కిలోల లాగుడు పడుతుంది. మెత్తటి మధ్య పొర దాన్ని రోజూ తట్టుకోలేదు. జిప్సం స్క్రూలు పెళుసు కూడా, పక్కకు ఒత్తిడి పడితే వంగకుండా పుటుక్కున విరుగుతాయి.

అడుగు పలక బరువు 160 గ్రాములే. ఆ స్టాండుకు 285 గ్రాముల ఆడియో టెక్నికా ఎం50ఎక్స్ హెడ్‌ఫోన్ తగిలించామనుకోండి, పైకొన దగ్గర సుమారు 130 గ్రాముల తోపు చాలు, మొత్తం ముందుకు బోర్లా పడుతుంది. వైరు కుర్చీకి చిక్కుకుంటే అంతకంటే ఎక్కువ లాగుడే వస్తుంది.

ఇక ఆ రెగ్జిన్. దాని మీది పూత పీవీసీ. మెత్తదనం కోసం అందులో కలిపే నూనె లాంటి పదార్థం, గట్టిగా ఆనుకుని ఉన్న హెడ్‌బ్యాండ్ కృత్రిమ తోలులోకి మెల్లగా పాకుతుంది. మన ఎండాకాలపు వేడిలో అది ఇంకా త్వరగా జరుగుతుంది. రెండూ జిగటగా అతుక్కుని, తోలు పొర లేచిపోతుంది. వంపు 2 సెం.మీ. వెడల్పే కావడంతో బరువంతా ఒకే గీత మీద పడి లోపలి మెత్త అణిగిపోతుంది. నిలువు పలక 4 సెం.మీ. వైపు రెండు ఇయర్‌కప్పుల మధ్యకు వస్తుంది కాబట్టి ప్యాడ్లు దానికి ఒత్తుకుని గుంటలు పడతాయి.

ఇప్పటికే కొని, వాపసు గడువు దాటిపోయినవాళ్లు దాన్ని పారేయక్కర్లేదు. స్క్రూలు తీసేయండి. 12 మి.మీ. అంచులో 6 మి.మీ. చెక్క డోవెళ్లు (అతుకులో దించే గుండ్రటి పుల్లలు) రెండు, 25 మి.మీ. లోతున దించండి. 8 మి.మీ.వి వద్దు, రెండు పక్కలా మిగిలేది 2 మి.మీ. మాత్రమే, అది పగులుతుంది. ఎండీఎఫ్ అంచు జిగురు పీల్చేస్తుంది. అందుకని ముందు నీళ్లు కలిపిన ఫెవికాల్ పూసి, పావుగంట ఆగి, చిక్కటిది మళ్లీ పూయాలి. తర్వాత వెనకవైపు, రెండు పలకలు కలిసే మూలలో 3 సెం.మీ. చెక్క దిమ్మ ఒకటి అతికించండి. ఆ చోట ముందు కాగితపు పొరను గీకేయాలి, లేకపోతే జిగురు కాగితాన్నే పట్టుకుంటుంది. ఈ మరమ్మతులో నిజంగా బరువు మోసేది ఆ దిమ్మే. రాత్రంతా క్లాంపులో ఉంచాలి. రెగ్జిన్ పీకేసి 3 మి.మీ. ఉన్ని ఫెల్ట్ (నొక్కి చేసిన మందపాటి ఉన్ని గుడ్డ) వేయండి.

ఇంకా కొననివాళ్లు సొంతంగా చేసుకోవడమే మేలు. టింబర్ డిపోలోనో వడ్రంగి దగ్గరో 20×15 సెం.మీ. ముక్క, 24×5 సెం.మీ. ముక్క, రెండూ 25 మి.మీ. మందంలో అడగండి. రెండూ కలిపి సీఎఫ్‌టీలో (ఘనపు అడుగులో) ఇరవై ఐదో వంతు కూడా ఉండవు. సీఎఫ్‌టీ నాలుగు వేలనుకున్నా చెక్క ఖర్చు 160 రూపాయల లోపే. కూలీ, తరుగు వేరు. అడుగు ముక్కలో 12 మి.మీ. లోతు గాడి తీసి, నిలువు ముక్కను బిగుతుగా దించి, జిగురుతో పాటు కిందినుంచి 5 మి.మీ. మందం, 60 మి.మీ. పొడవున్న స్క్రూ ఒకటి వేయండి. దానికి ముందు 3.5 మి.మీ. రంధ్రం తప్పనిసరి. 25 మి.మీ. వైపు ఇయర్‌కప్పుల మధ్యకు రావాలి.

పైన వంపుకు 110 మి.మీ. పీవీసీ పైపు ముక్క చాలు. 5 సెం.మీ. వెడల్పు రింగు కోసి, అందులో మూడో వంతు తీసుకోండి. గట్టి పైపులో మెత్తదనం కోసం కలిపే ఆ నూనె లాంటి పదార్థం ఉండదు కాబట్టి రెగ్జిన్ సమస్య రాదు. పైపు లోపలి వంపు నిలువు ముక్క రెండు మూలల మీదే నిలబడి ఊగుతుంది, కాబట్టి ఆ మూలల్ని ఒకటిన్నర మి.మీ. గుండ్రంగా ఆకురాయితో అరగదీసి, అప్పుడు రెండు స్క్రూలు వేయాలి. తలలు లోపలికి దిగాలి, పైన ఫెల్ట్. జిగురు వాసన పూర్తిగా పోయేదాకా హెడ్‌ఫోన్ తగిలించకండి.

అడుగున గ్రానైట్ తప్పక వేయండి. ఏ గ్రానైట్ షాపు వెనకైనా తుక్కు ముక్కలుంటాయి. 20×15 సెం.మీ., 2 సెం.మీ. మందం ముక్క దాదాపు ఒక కిలో ఆరు వందల గ్రాములు తూగుతుంది. సిలికాన్‌తో అతికిస్తే, పడిపోవడానికి కావలసిన తోపు కిట్‌తో పోలిస్తే ఐదు రెట్లవుతుంది.

కిట్టే కావాలంటే, డబ్బు కట్టేముందు అమ్మేవాళ్లను మూడు అడగండి: మందం ఎన్ని మి.మీ., అంచు దగ్గరి ఫొటో, ‘టేక్ వుడ్’ అంటే చెక్కా, ‘టేక్ ఫినిష్’ రంగా. జవాబు చాట్‌లోనే రాతపూర్వకంగా తీసుకుని స్క్రీన్‌షాట్ దాచండి. పెట్టె విప్పేటప్పుడు సీలు నుంచి ఆపకుండా వీడియో తీయండి. చెప్పిందొకటి, వచ్చిందొకటి అయితే ఆ సైటు గ్రీవెన్స్ అధికారికి రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అక్కడ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, ఆర్డర్ నంబరు, చాట్ స్క్రీన్‌షాట్, అంచు ఫొటో దగ్గర పెట్టుకుని ఫిర్యాదు నమోదు చేయించండి.