వెడ్డింగ్ కేక్ స్ట్రెయిన్: చాలాకాలం వాడాక నా మాట

ముందుగా ఒక్కమాట. నేను ఉండేది కెనడాలోని ఒంటారియోలో. ఇక్కడ 2018 అక్టోబర్ 17 నుంచి గంజాయి చట్టబద్ధం. 19 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్సున్న షాపులో కొనుక్కోవచ్చు. నేను రాస్తున్నది ఆ షాపుల్లో సీలేసిన డబ్బాలో దొరికే, వెడ్డింగ్ కేక్ అనే గంజాయి రకం ఎండు పువ్వు గురించే. గంజాయి కలిపిన గమ్మీ మిఠాయిల దారి వేరు, వాటి జోలికి పోవడం లేదు.

ట్రయాంగిల్ కుష్, యానిమల్ మింట్స్ అనే రెండు గంజాయి రకాలని కలిపి పుట్టించిన రకం ఇది. కాలిఫోర్నియాలోని సీడ్ జంకీ జెనెటిక్స్ అనే కంపెనీ వాళ్ల పని. పింక్ కుకీస్ అన్నా ఇదే. ఇండికా వైపు మొగ్గిన హైబ్రిడ్‌గా అమ్ముతారు, అంటే ఒంటిని వదులు చేసి కూర్చోబెట్టే రకం అని షాపువాడి భాష.

డబ్బా మూత తీస్తే మొదట తగిలేది వెనిల్లా కాదు, మిరియాల ఘాటు. దాని వెనకాల నిమ్మతొక్క, ఆ తర్వాత పచ్చిమట్టి వాసన. తీపి ఉంది కానీ వెతుక్కోవాలి. మిరియాల్లో ఉండే కేరియోఫిలీన్, నిమ్మజాతి తొక్కల్లో ఉండే లిమొనీన్ ఇందులో ఎక్కువ. పువ్వు గట్టిగా, ముద్దగా ఉంటుంది. పైన జిగురు బుడిపెలు పిండి చల్లినట్టు తెల్లగా కనిపిస్తాయి. మంచి ప్యాక్ అయితే గ్రైండర్ పళ్లకు పట్టేసి, వేళ్లకంటుకున్న జిడ్డు సబ్బుతో కూడా ఓ పట్టాన వదలదు. వేళ్లతో నలిపితే పొడిపొడిగా రాలిపోయిందంటే పాత సరుకే.

నేను కాల్చను, పువ్వుని వేడిచేసి ఆవిరి పీల్చే వేపరైజర్‌లో 185 డిగ్రీల సెల్సియస్ దగ్గర వాడతాను. కొద్ది నిమిషాల్లోనే కణతల దగ్గర తేలిక తెలుస్తుంది. మొదటి అరగంట మనిషి హుషారుగా ఉంటాడు, పాట వింటే తబలా విడిగా, వీణ విడిగా వినిపిస్తాయి. ఆ తర్వాత భుజాల, మెడ బిగువు దిగుతుంది. రోజంతా స్క్రీన్ ముందు కూర్చునే నాబోటివాడికి దీనిలో నచ్చింది ఈ రెండో గంటే. సోఫాకి అతుక్కుపోయేంత మత్తేమీ కాదు, లేచి గిన్నెలు కడుక్కోవచ్చు. కాకపోతే గిన్నెలు కడగడానికి వెళ్లి పెరుగన్నం, ఆవకాయ ముందు కూర్చుంటాం. ఆకలి అలాంటిది. నోరు పిడచకట్టుకుపోతుంది, కళ్లు ఎర్రబడతాయి. గుండె కాస్త వేగంగా కొట్టుకోవడం కూడా ఉంటుంది, కొత్తవాళ్లకి అక్కడే టెన్షన్ మొదలవుతుంది.

కొత్తవాళ్లకి ఇది వద్దంటాను. నేను కొన్న డబ్బాల మీద టోటల్ టీహెచ్‌సీ, అంటే మత్తిచ్చే పదార్థం మొత్తం, గ్రాముకి 200 నుంచి 260 మిల్లీగ్రాముల మధ్య ఉంటూ వచ్చింది. అంటే ఇరవై శాతం పైమాటే. లేబుల్ మీద టీహెచ్‌సీ అని ఒక చిన్న అంకె, టోటల్ టీహెచ్‌సీ అని ఒక పెద్ద అంకె ఉంటాయి. చిన్నది చూసి మోసపోకండి. పచ్చి పువ్వులో ఉండేది ఎక్కువగా టీహెచ్‌సీఏ, వేడి తగిలాకే అది మత్తిచ్చే టీహెచ్‌సీగా మారుతుంది. మనకి దక్కేది పెద్ద అంకె లెక్కే.

ఇక నిద్ర సంగతి. చాలామంది ఇండికా అనగానే నిద్రమాత్ర అనుకుంటారు. మొదట్లో నాకూ బాగానే పట్టింది. రోజూ వాడితే మాత్రం అదే మోతాదు చాలదు, కొంచెం కొంచెం పెరుగుతూ పోతుంది. పైగా ఆపిన వారం రాత్రుళ్లు చిత్రమైన కలలు, తెల్లవారుజామునే మెలకువ. అందుకే ఇప్పుడు శని, ఆదివారాలకే పరిమితం చేశాను. పని కూడా అప్పుడే బాగా చేస్తోంది.

ఇండికా, సాటివా (హుషారిచ్చేదని అమ్మే రకం) అనే పేర్లని నేను పెద్దగా పట్టించుకోవడం మానేశాను. ఇండికా అనే పేరు 1785లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త లమార్క్ మన దేశం నుంచి వెళ్లిన మొక్కకి పెట్టినది. ఇప్పుడు షాపులో ఆ పేరుతో అమ్మేదానికీ, దానికీ చుట్టరికం అంతంతమాత్రం. హాలిఫాక్స్‌లోని డల్హౌసీ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో జన్యువులు పరిశీలించి, ఈ లేబుళ్లు మొక్క వంశాన్ని సరిగా చెప్పవని తేల్చారు. నా అనుభవమూ అదే. వెడ్డింగ్ కేక్ అనే ఒకే పేరుతో రెండు కంపెనీల డబ్బాలు తెచ్చి పక్కపక్కన పెడితే, ఒకటి మిరియాలు, ఇంకొకటి ఎండుగడ్డి. దాంతో పేరు కన్నా ప్యాక్ చేసిన తేదీ, వాసననిచ్చే టెర్పీన్ల శాతం చూసి కొంటున్నాను. మూడు నెలలు దాటిన డబ్బా ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

కారు నడిపేవాళ్లకి: రక్తంలో మిల్లీలీటరుకి 2 నానోగ్రాముల టీహెచ్‌సీ ఉంటే చాలు, కేసు. అంతకన్నా తక్కువున్నా మత్తులో నడిపినట్టు తేలితే కేసే. కొత్తగా వచ్చి ఇంకా జీ2 లైసెన్సులో, అంటే కొత్త డ్రైవర్ల దశలో, ఉన్న మనవాళ్లకి ఒంటారియోలో అసలు సున్నానే. రాత్రి వాడి పొద్దున్నే 401 హైవే ఎక్కే ఆలోచన పెట్టుకోవద్దు. అమెరికాలోని బఫెలో వెళ్తూ బ్యాగులో వేసుకుంటే, సరిహద్దు దాటించడం నేరం. ఇండియాకైతే చెప్పనే అక్కర్లేదు, అక్కడ మాదకద్రవ్యాల మీద ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది. మన్యంలో పండే శీలావతి గంజాయికీ దీనికీ తేడా ఏమిటని అడిగే స్నేహితులకి నా జవాబు: నేను అది ముట్టలేదు, ముట్టే ఉద్దేశమూ లేదు.

వాసన మరో ఇబ్బంది. వేపరైజర్ అయినా కారిడార్‌లోకి వెళ్తుంది. ఊరి నుంచి అత్తమామలు వచ్చి ఉన్న నెలల్లో డబ్బా తాళం వేసిన అలమరాలోనే ఉండిపోయింది.

28 గ్రాముల పెద్ద ప్యాకెట్ గ్రాము లెక్కన చవకే. కానీ నాలాగా వారానికోసారి వాడేవాడి ఇంట్లో సగం అయ్యేసరికే నిమ్మవాసన పోయి ఘాటు మాత్రం మిగులుతుంది. 3.5 గ్రాములది తెచ్చి, తేమ నిలిపే చిన్న సంచి ఒకటి వేసి, గాజుసీసాలో పెట్టుకుంటున్నాను. అయ్యాక మళ్లీ తెచ్చుకుంటాను, అదే కంపెనీది దొరికితేనే.