వేట ఈగల, పరాన్న ఈగల ఫొటోలకి రేనాక్స్ డీసీఆర్-250 ఎంతవరకు పనికొస్తుంది?

టెలీ లెన్స్ ముందు తగిలించే +8 డయాప్టర్ల పవరున్న క్లోజప్ అద్దం ఇది. కెమెరాకీ లెన్స్‌కీ మధ్య వేసే ఎక్స్‌టెన్షన్ ట్యూబుల్లా వెలుతురు తినదు. మామూలు 55-250 మి.మీ. జూమ్‌ను 250 దగ్గర ఉంచి, ఫోకస్ అనంతానికి పెడితే ఈగ బొమ్మ సెన్సర్ మీద అసలు సైజుకి రెండింతలు పడుతుంది. చవకలో ఇంత పదును ఇచ్చేది మరొకటి దొరకడం కష్టమే.

చిక్కల్లా దూరంతోనే. జూమ్ ఎంత మార్చినా ఈగకీ అద్దానికీ మధ్య 12 సెంటీమీటర్లే ఉండాలి. విశాఖ పక్కనున్న కంబాలకొండ లాంటి అభయారణ్యంలో బాట వదిలి పొదల్లోకి దిగకూడదు కాబట్టి, బాట అంచున వాలినవే మీకు దక్కుతాయి.

రాబర్ ఫ్లై అనే వేట ఈగకి ఈ అద్దం బాగా కుదురుతుంది. అది ఎండుపుల్ల కొన మీద కూర్చుని, ఎగిరే పురుగును గాల్లోనే పట్టి, తరచూ అదే పుల్ల మీదికి తిరిగొస్తుంది. లేచిపోతే వెంటపడకండి, పుల్ల దగ్గరే ఆగండి. నోట ఎర ఉన్నప్పుడు త్వరగా కదలదు. గొట్టం గుచ్చి, లోపలి కండని లాలాజలంతో కరిగించి పీల్చే పనిలో ఉంటుంది. అయితే 2 సెంటీమీటర్ల ఈగ 250 దగ్గర ఫ్రేములో పట్టదు. ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న) సెన్సర్ మీద అక్కడ కనిపించేది సుమారు 11 మిల్లీమీటర్ల వెడల్పే. జూమ్‌ను 120-135కి తగ్గించండి. ఇంకా బాగా తగ్గిస్తే మూలలు నల్లబడతాయి.

గొంగళిపురుగుల మీద గుడ్లు పెట్టే పరాన్న ఈగలు, టాకినిడ్‌లు, ఇలా లొంగవు. పట్టు రైతుల కొంప ముంచే ఊజీ ఈగ ఈ కుటుంబందే. ఆకు మీద ఒక్క క్షణం నిలవదు, 12 సెంటీమీటర్లకి చేరేలోపే తుర్రుమంటుంది. వీటికి డీసీఆర్-150 మేలు: +4.8 డయాప్టర్లు, దూరం దాదాపు 20 సెంటీమీటర్లు, 250 దగ్గర 1.2 రెట్లు. రెంటిలో ఒకటే కొనగలిగితే మేం 150నే కొనమంటాం. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తప్పకుండా తీయండి. పొట్ట మీది బిరుసు రోమాలు, రొమ్ము వెనక స్కుటెల్లమ్ అనే చిన్న పలక కింద ఉండే ఉబ్బు కనబడకపోతే మాంసపు ఈగ అని పొరబడే అవకాశముంది. గాల్లో నిలిచి తేలే బీ ఫ్లైలకి మాత్రం ఈ రెండు అద్దాలూ పనికిరావు.

మాన్యువల్ మోడ్, 1/200, ఎఫ్/11, ఐఎస్ఓ 200, తోడుగా ఫ్లాష్. రెండింతల దగ్గర పదునుగా వచ్చే లోతు మిల్లీమీటర్లో పదోవంతే. ఆటోఫోకస్ ఆపేసి, కెమెరానే మెల్లగా ముందుకీ వెనక్కీ జరుపుతూ కన్ను తేటపడగానే వరసగా ఐదారు నొక్కండి. కెమెరా మీద లేచే చిన్న ఫ్లాష్ వాడితే పొడవాటి లెన్స్ నీడ ఈగ మీదే పడుతుంది. విడి ఫ్లాష్‌కి తెల్ల ఫోమ్ షీటు కట్టి, దాన్ని లెన్స్ కొసదాకా వంచండి. వెలుతురు పలచబడకపోతే కంటి మీద తెల్లమచ్చలు పడి, అసలు రంగు పోతుంది.

ఈగని సీసాలో పట్టి, ఫ్రిజ్‌లో చల్లబరిచి తీసే పద్ధతి జోలికి వెళ్లొద్దు. పొద్దున్నే వెళితే చాలు, చలికి బిగుసుకున్న ఈగ ఎండపొడకి ఒళ్లు కాగేదాకా పెద్దగా కదలదు. నేలకి వంగి, నీడ దాని మీద పడకుండా దగ్గరవ్వండి.

అద్దంతో వచ్చే స్ప్రింగు క్లిప్పు 52 నుంచి 67 మిల్లీమీటర్ల లెన్స్‌లకి సరిపోతుంది గానీ, కొమ్మ తగిలితే ఊడిపడుతుంది. అద్దం వెనక మర 43 మిల్లీమీటర్లు. మీ లెన్స్ 58 అయితే 58-43 స్టెప్‌డౌన్ రింగు వేసి బిగించి, క్లిప్పు ఇంట్లోనే వదిలేయండి.