జాగ్రత్త: “386 పోకెమాన్లు, ఫుల్ బాక్సులు” అంటూ పాత పోకెమాన్ క్యాసెట్ అమ్ముతుంటే తొందరపడి కొనకండి

పోయిన నెల 22,500 రూపాయలు పోయాయి. ఎవరో కొట్టేయలేదు, నా చేత్తో నేనే యూపీఐలో పంపించాను. చిన్నప్పుడు టీవీలో పోకెమాన్ చూసి, ఇప్పుడు జీతం చేతిలో పడ్డాక ఆ సరదా తీర్చుకుంటున్న నాలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు. మీరు డబ్బు పంపేముందు ఇది ఒకసారి చదవండి.

ఆన్‌లైన్‌లో ఒకతను రెండు వస్తువులు కలిపి అమ్మకానికి పెట్టాడు. ఒకటి గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే పాత నింటెండో చేతి మెషీన్‌కి వచ్చిన పోకెమాన్ ఎమెరాల్డ్ ఆట క్యాసెట్, లోపల 386 పోకెమాన్లూ పట్టేసి పెట్టినది, 6,500. రెండోది 3డీఎస్ (తర్వాత వచ్చిన నింటెండో చేతి మెషీన్), 16,000. “ఎమెరాల్డ్‌లో ఉన్నవన్నీ స్కార్లెట్ దాకా ఎక్కించుకోవచ్చు అన్నా, మొత్తం సెట్ రెడీగా ఉంది, మీకెందుకు టెన్షన్” అన్నాడు. నా దగ్గర స్విచ్ (స్కార్లెట్ ఆట ఆడే నింటెండో మెషీన్) ఉంది. డాలస్‌లో ఉండే మా తమ్ముడు (బాబాయి కొడుకు) సంక్రాంతికి వచ్చినప్పుడు తన డీఎస్ లైట్ మెషీన్, డైమండ్, బ్లాక్ ఆటల క్యాసెట్లు నాకే వదిలేసి వెళ్ళాడు. మధ్యలో తగ్గినవి ఈ రెండే కదా అనుకున్నాను.

వీడియో కాల్‌లో ఆన్ చేసి చూపించాడు కూడా. ఆటలోని పీసీ (పట్టిన పోకెమాన్లని బాక్సుల్లో దాచే చోటు) తెరిచి ఒక్కో బాక్సూ తిప్పాడు. పన్నెండు బాక్సుల్లో నిండుగా 30 చొప్పున, పదమూడో దానిలో 26. లెక్క సరిగ్గా 386. నేను లెక్క చూసుకుని మురిసిపోయానేగానీ, ఆ 386 అతనికి ఎలా వచ్చాయో అడగలేదు. ఎమెరాల్డ్‌లో బల్బసార్ అనే పోకెమాన్ దొరకదు. ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్ అనే వేరే ఆటల్లో ఒకదాని నుంచి ట్రేడ్ చేసుకుని తెచ్చుకోవాలి. అలా తెస్తే దాని మీద ఆ రెండో క్యాసెట్ ట్రైనర్ ఐడీ (పట్టిన ఆటగాడి నంబరు) ఉండాలి. ఇంటికొచ్చాక చూస్తే 386కీ ఒకటే పేరు, ఒకటే ఐడీ. బల్బసార్‌కీ అదే, ఎమెరాల్డ్‌లో పట్టడానికి దొరకని జిరాచీకీ అదే. ఎవడో కంప్యూటర్‌లో సేవ్ ఫైల్ తయారు చేసి లోపల పోసేశాడన్నమాట. వీడియో కాల్‌లో ఒక్క బల్బసార్ వివరాల పేజీ తెరవమని అడిగి ఉంటే ఈ పోస్టే ఉండేది కాదు.

సరే, ఆ సంగతి అప్పటికి తట్టలేదు. డీఎస్ లైట్‌లో పైన డైమండ్, కింద ఎమెరాల్డ్ పెట్టి ఆన్ చేశాను. మా తమ్ముడు డైమండ్‌లో నేషనల్ డెక్స్ (అన్ని పోకెమాన్ల జాబితా) ఎప్పుడో తెరిచేశాడు కాబట్టి, మొదటి మెనూలో ఎమెరాల్డ్ నుంచి తరలించే లైను కనిపించాలి. కనిపించలేదు. క్యాసెట్ తీసి, ఊది, తుడిచి, మళ్ళీ పెట్టాను. లేదు. పండగకని పది రోజులు ఊరెళ్ళి వచ్చి ఆన్ చేస్తే ఈసారి కంటిన్యూ అన్న మాటే లేదు. న్యూ గేమ్, ఆప్షన్, అంతే. పదమూడు బాక్సులూ ఆవిరి.

మూడు రెక్కల స్క్రూడ్రైవర్ తెప్పించి విప్పాను. చిప్పు ఉండాల్సిన చోట నల్లటి జిగురు ముద్ద, పక్కన ఒక బటన్ సెల్. బోర్డు మీద నింటెండో అన్న అచ్చు ఎక్కడా లేదు. అసలు ఎమెరాల్డ్‌లోనూ బటన్ సెల్ ఉంటుంది, కానీ అది గడియారం కోసం మాత్రమే. సేవ్ ఫ్లాష్ మెమరీలో ఉంటుంది, సెల్ చచ్చినా పోదు. అందుకే అసలుది పాతబడితే “బ్యాటరీ అయిపోయింది, ఆట ఆడుకోవచ్చు, టైముతో జరిగేవి మాత్రం జరగవు” అన్న అర్థంతో ఒక మెసేజ్ వస్తుంది. ఆ మెసేజ్ చూసి నకిలీ అని భయపడి మంచి క్యాసెట్ వదులుకోకండి. నాకు తగిలిన దానిలో మాత్రం సేవ్ మొత్తం ఆ సెల్ మీదే వేలాడుతోంది.

అప్పుడు కూర్చుని ఈ బాక్సుల సంగతి మొదటి నుంచీ చదివాను. కొనకముందు చేయాల్సిన పని. మన ఇంట్లో చిన్నప్పుడు అన్నీ “వీడియోగేమ్ క్యాసెట్లే” కాబట్టి అన్నీ ఒకటే అనుకుంటాం. కానీ మనం పట్టుకున్నవి ఎక్కడ నిలవ ఉంటాయన్నది దాదాపు ప్రతి తరానికీ మారింది. అమ్మేవాడు ఆడుకునేది అక్కడే.

1996లో జపాన్‌లో వచ్చిన మొదటి ఆటల్లో దాచేది బిల్ పీసీలో. (ఈ బిల్ అనేవాడు మనకి మొదటిసారి కనిపించేసరికి తన మెషీన్‌లో తానే ఇరుక్కుని పోకెమాన్‌లా మారిపోయి ఉంటాడు. మన సొత్తంతా అలాంటివాడి చేతిలో!) ఇంగ్లిష్ రెడ్, బ్లూలో 12 బాక్సులు, ఒక్కోదానిలో 20, మొత్తం 240. జపాన్ వాటిలో 8 బాక్సులు, 30 చొప్పున, అదీ 240యే. అప్పట్లో బాక్స్ నిండితే పక్క బాక్సులోకి దానంతట అది వెళ్ళేది కాదు. మీరే పీసీ దగ్గరికెళ్ళి బాక్స్ మార్చాలి, మార్చిన ప్రతిసారీ గేమ్ సేవ్ అవుతుంది. మర్చిపోయి మ్యూటూ లాంటి అరుదైన పోకెమాన్ ముందు నిలబడ్డారా, బాల్ విసరనివ్వదు. వెనక్కి నడవాల్సిందే.

ఆ 240 మొత్తం కూర్చున్నది బటన్ సెల్ ఊపిరి మీద. గోల్డ్, సిల్వర్ కూడా అంతే. పైగా వాటిలో గడియారం కూడా ఉంది కాబట్టి సెల్ ఇంకా త్వరగా అయిపోతుంది. ఎవరైనా “రెడ్, అసలు సేవ్‌తో సహా” అని అమ్ముతుంటే ఆ సెల్ వయసు అడగండి. “కొత్త సెల్ వేయించాం” అంటే ఇంకా గట్టిగా అడగండి. జాగ్రత్తలు తీసుకోకుండా సెల్ పీకిన క్షణమే పాత సేవ్ పోతుంది. ఇంకోటి: నాకు అమ్మినవాడే “రెడ్ నుంచి స్విచ్ దాకా” అని మరో ప్రకటన పెట్టాడు. అది పచ్చి అబద్ధం. రెడ్ నుంచి గోల్డ్‌కి ట్రేడ్ ఉంది, అక్కడితో దారి మూసుకుపోతుంది. 2002లో వచ్చిన రూబీ, సఫైర్‌లోకి (ఎమెరాల్డ్ కూడా ఈ తరానిదే) పాతవి ఎక్కవు. 2016లో 3డీఎస్‌లో డౌన్‌లోడ్‌గా వచ్చిన రెడ్, బ్లూ, ఎల్లోకి మాత్రం పైకి వెళ్ళే దారి ఇచ్చారు. పాత క్యాసెట్‌కి కాదు.

రూబీ నుంచి పైకి ఎక్కే మెట్లు ఉన్నాయి, కానీ స్విచ్‌కి ముందున్న ఏ మెట్టూ వెనక్కి దిగనివ్వదు. ఎమెరాల్డ్ నుంచి డైమండ్‌కి ఆటలోని పాల్ పార్క్ అనే చోట, విడతకి 6 మాత్రమే. దానికి గేమ్‌బాయ్ క్యాసెట్ పట్టే స్లాట్ ఉన్న డీఎస్ లేదా డీఎస్ లైట్ కావాలి. డీఎస్ఐలో ఆ స్లాటే లేదు, చౌకగా వస్తోందని కొనకండి. డైమండ్ నుంచి బ్లాక్‌కి వెళ్ళాలంటే రెండు మెషీన్లు పక్కపక్కన పెట్టాలి. బ్లాక్ నుంచి పైకి 3డీఎస్‌లో పోకెమాన్ బ్యాంక్ (ఆన్‌లైన్‌లో దాచుకునేది), పోకె ట్రాన్స్‌పోర్టర్ (బ్లాక్ నుంచి బ్యాంక్‌లోకి ఎక్కించేది) అని రెండు యాప్‌లు కావాలి. ట్రాన్స్‌పోర్టర్ మొదటి బాక్సులో ఉన్నవాటినే తీసుకుంటుంది. బ్యాంక్ నుంచి పోకెమాన్ హోమ్ అనే ఇంకో ఆన్‌లైన్ నిలవ యాప్‌కి, అక్కడి నుంచి స్విచ్‌కి.

నా రెండో దెబ్బ ఇక్కడే. 3డీఎస్ అద్దంలా మెరుస్తూ వచ్చింది, “ఫుల్ ఫార్మాట్ చేసి పంపాను అన్నా, కొత్తదానిలా ఉంటుంది” అన్నాడు. ఆ ఫార్మాటే కొంప ముంచింది. ఆ యాప్‌లు దొరికే ఆన్‌లైన్ దుకాణం, 3డీఎస్ ఈషాప్, 2023 మార్చిలో మూతపడింది. అంతకుముందు బ్యాంక్ డౌన్‌లోడ్ చేసుకున్న అకౌంట్ ఉన్నవాళ్ళు మళ్ళీ దించుకోగలరు. నాలా కొత్తగా వచ్చినవాళ్ళకి దొరకదు. విచిత్రమేమిటంటే ఒకప్పుడు ఏడాదికి దాదాపు 5 డాలర్లు కట్టించుకున్న ఆ బ్యాంక్ ఇప్పుడు ఉచితం. తాళం తీసే ఉంది, గుమ్మం దగ్గరికి వెళ్ళే దారే లేదు. 3డీఎస్ కొనేది ఈ పని కోసమే అయితే, మెషీన్‌లో ఆ రెండు యాప్‌లూ ఉన్నాయా, తెరుచుకుంటున్నాయా అని వీడియోలో చూపించమనండి. ఫార్మాట్ చేయొద్దని ముందే చెప్పండి.

మా ఆఫీసులో ఒకతను ఇంకో రకంగా మోసపోబోయాడు. “స్కార్లెట్ క్యాసెట్, లోపల 400 పోకెమాన్లు” అని అడ్వాన్స్ అడిగారట. నాకు ఫోన్ చేశాడు కాబట్టి బతికిపోయాడు. స్విచ్‌లో సేవ్ క్యాసెట్‌లో ఉండదు, మెషీన్‌లో ఉంటుంది. క్యాసెట్ చేతులు మారితే వచ్చేది ఖాళీ ఆటే. డీఎస్, 3డీఎస్ క్యాసెట్లలో సేవ్ లోపలే ఉంటుంది కాబట్టి అలవాటుకొద్దీ జనం నమ్మేస్తున్నారు.

ఇంకో లెక్క నాకు చాలా ఆలస్యంగా వెలిగింది. మొదట్లో ఉన్నవి 151, చోటు 240. ఎమెరాల్డ్ నాటికి 386, చోటు 420. బ్లాక్‌లో 649కి 720. అంటే అన్ని రకాలూ ఒకే క్యాసెట్‌లో దాచుకోవచ్చు. స్కార్లెట్‌కి వచ్చేసరికి మొత్తం రకాలు 1025 అయ్యాయి, దానిలో చోటు 32 బాక్సులు, 960. పైగా 2019లో సోర్డ్, షీల్డ్ నుంచీ అన్ని రకాలనీ ఒకే ఆటలోకి రానివ్వడం మానేశారు. కాబట్టి పూర్తి సెట్ ఉండేది హోమ్‌లోనే. అక్కడ ఉచితంగా 30కే చోటు, ప్రీమియం కడితే 6,000కి. బ్యాంక్ నుంచి తెచ్చుకోవాలన్నా ప్రీమియం కట్టాలి. ఒకప్పుడు క్యాసెట్‌తో పాటు వచ్చిన బీరువా ఇప్పుడు అద్దె గది అయింది. “ఫుల్ హోమ్ అకౌంట్” అని పాస్‌వర్డ్ అమ్మేవాళ్ళు కూడా తయారయ్యారు. కొన్నాక అసలు ఓనరు పాస్‌వర్డ్ మార్చేస్తే మీరు ఎవరికి చెప్పుకుంటారు?

ఎమెరాల్డ్ కొనేవాళ్ళకి నేను ఇప్పుడు చూసే గుర్తులు చెప్తాను. ఆకుపచ్చ ప్లాస్టిక్ లోపలికి కనిపించేలా ఉండాలి. స్టిక్కర్ మీద ఒత్తినట్టు రెండంకెల గుర్తు ఉంటుంది, లైటుకి వంచి చూస్తే తెలుస్తుంది. కింద బంగారు రంగు పళ్ళ పైన బోర్డు మీద నింటెండో అని అచ్చు ఉండాలి. ఆ ఫోటో అడగండి. ఇవ్వనంటే వదిలేయండి. అన్నిటికంటే గట్టి పరీక్ష డీఎస్ లైట్‌లో ఆ తరలింపు లైను రావడమే.

డబ్బు సంగతి: అమ్మినవాడి నంబరు స్విచాఫ్. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చాను, కంప్లైంట్ నంబరు వచ్చింది, ఎదురుచూస్తున్నాను. డబ్బు పంపిన వెంటనే చేసి ఉంటే బాగుండేదని అక్కడ అన్నారు. నేను పది రోజులు పండగ చేసుకున్నాను కదా. మా ఆవిడ మాత్రం ఆ నల్ల జిగురు ముద్ద క్యాసెట్‌ని ఫ్రిజ్ మీద పెట్టింది, రోజూ కనబడాలని.

తమ్ముడి బ్లాక్ క్యాసెట్‌లో, మొదటి బాక్సులో, వాడు పదో తరగతిలో పట్టినవీ, ట్రేడ్‌లో తెచ్చుకున్నవీ కలిపి 30 ఇంకా ఉన్నాయి. ఐడీలు వేరువేరు, కొన్నిటికి వాడు పెట్టిన తెలుగు పేర్లు, ఒకదాని పేరు “గున్నా”. వాటినైనా పైకి చేర్చాలని ఉంది. హైదరాబాద్‌లో ఎవరి 3డీఎస్‌లోనైనా బ్యాంక్, ట్రాన్స్‌పోర్టర్ ఇంకా పనిచేస్తుంటే ఒక ఆదివారం గంటసేపు కూర్చుందాం. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు నావి.