ష్రూజ్‌బరీ నుంచి కార్లైల్ దాకా: చిన్న రైళ్లలో, తీరిగ్గా

పిల్లల దగ్గరికి బ్రిటన్ వచ్చే అమ్మానాన్నలకు చూపించే ఊళ్లు దాదాపు అందరి ఇళ్లలోనూ ఒకటే. లండన్, స్టోన్‌హెంజ్, బాత్, ఎడిన్‌బరో. అన్నీ చూడాల్సినవే. కానీ తెల్లారకముందే కోచ్ ఎక్కి, గంటకోచోట దిగి, ఫోటో తీసుకుని మళ్లీ పరిగెత్తుకొచ్చి ఎక్కడమంటే అరవై దాటినవాళ్లకు ఒళ్లు హూనమైపోతుంది. అవన్నీ చూసేశాక ఇంకా కొన్ని రోజులు చేతిలో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మా అమ్మాయి ఉండేది బర్మింగ్‌హామ్‌లో. అక్కడినుంచి నేనూ మా ఆయనా రైళ్లలోనే తిరిగాం. ఊరు ఎంచుకోవడానికి నేను పెట్టుకున్న లెక్క ఒక్కటే: స్టేషన్లో దిగి, సూట్‌కేసు లాక్కుంటూ పావుగంటలో బసకు చేరిపోవాలి. ఈ లెక్కతో చూస్తే పేరున్న ఊళ్లు చాలా వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి. 1963లో వచ్చిన బీచింగ్ నివేదిక నష్టాల పేరు చెప్పి రెండు వేలకు పైగా స్టేషన్లను మూసెయ్యమంది. ఆ దెబ్బకు ఎన్నో పల్లెలకు రైలు పోయింది. పాత పుస్తకాల దుకాణాలకు ప్రపంచమంతా ఎరిగిన హే-ఆన్-వైకి కూడా ఇవాళ రైలు లేదు, హెరెఫర్డ్‌లో దిగి బస్సు పట్టుకోవాలి. కాట్స్‌వోల్డ్స్ పల్లెల్లో చాలావాటిదీ అదే పరిస్థితి. అందుకే రైలు ఇంకా మిగిలి ఉన్న సంత ఊళ్లు వెతికాం. మూడు చోట్ల బస పెట్టాం: ష్రూజ్‌బరీ, లడ్లో, స్కిప్టన్. మిగతావన్నీ పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చినవే.

బర్మింగ్‌హామ్ నుంచి ష్రూజ్‌బరీ గంట ప్రయాణం. సెవర్న్ నది పాత ఊరిని దాదాపు చుట్టేసి పోతుంది. స్టేషన్ ప్లాట్‌ఫారాలు కొంతమేర నది మీదికే సాగి ఉంటాయి. రైలు దిగగానే బయటికి నడవకుండా ప్లాట్‌ఫారం చివరిదాకా వెళ్లి చూడండి. మూడంతస్తుల ఎత్తున ఎర్ర ఇటుకల సిగ్నల్ క్యాబిన్ కనిపిస్తుంది. 1903లో కట్టారు, లోపల 180 లీవర్లు. చేత్తో లాగే లీవర్లతో ఇంకా పనిచేస్తున్న క్యాబిన్లలో ప్రపంచంలోకెల్లా ఇదే పెద్దది. మా ఆయన కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. సిగ్నల్ రెక్క టక్కుమని కదలగానే నిలబడిపోయారు. "ఈ చప్పుడు విని ఎన్నేళ్లయిందో" అని, ఆ తర్వాత రెండు రైళ్లు వెళ్లేదాకా కదల్లేదు. రైళ్ల మీద ప్రేమ ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే ఈ ఊరికి ఇంకో పూట కలిపి లెక్కేసుకోండి.

ఊళ్లో నల్ల దూలాలూ తెల్ల గోడలతో వందల ఏళ్లనాటి ఇళ్లు వీధి వీధికీ ఉన్నాయి. పైఅంతస్తు కింది అంతస్తు కంటే ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. బుచర్ రోలో చెయ్యి చాస్తే ఎదురింటి గోడ తగులుతుందేమో అనిపించే సందులున్నాయి. చార్లెస్ డార్విన్ పుట్టింది ఈ ఊళ్లోనే, 1809లో. ఆయన చదివిన బడి ఇప్పుడు లైబ్రరీ, దాని ముందు కుర్చీలో కూర్చున్న ఆయన విగ్రహం ఉంది.

ఇంకో విగ్రహం ఊరి నడిబొడ్డున స్క్వేర్‌లో ఉంది. రాబర్ట్ క్లైవ్‌ది. ఈ ఊరి తరఫున పార్లమెంటులో కూర్చున్నాడు, 1762లో మేయరుగా కూడా చేశాడు. తెలుగువాళ్లు ఆ విగ్రహం ముందు ఒక్క నిమిషం ఆగడం సబబు. 1758లో పిఠాపురం దగ్గర చందుర్తిలో విజయనగరం రాజుతో కలిసి ఫ్రెంచివాళ్లను ఓడించిన దండును బెంగాల్ నుంచి పంపింది ఇతనే. 1765లో ఢిల్లీ పాదుషా చేత ఉత్తర సర్కారులను ఈస్టిండియా కుంపిణీకి రాయించుకున్నదీ ఇతనే. మన కోస్తా జిల్లాల తలరాత మారింది అక్కడే. ఆ విగ్రహం తీసెయ్యాలని 2020లో అర్జీలు పెట్టారు, కానీ ఉంచేశారు.

ఆ కథలో మిగతా సగం చూడాలంటే ష్రూజ్‌బరీ నుంచి వేల్స్ వైపు రైలెక్కి వెల్ష్‌పూల్‌లో దిగాలి. అరగంట కూడా పట్టదు. ఊరి మీదుగా మైలు పైన నడిస్తే పోవిస్ కోట. క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్ ఈ కోట వారసురాలిని పెళ్లాడాడు, తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయింది ఆయన హయాంలోనే. అలా టిప్పు సింహాసనానికి ఉన్న బంగారు పులి తలల్లో ఒకటి ఈ కోటకు చేరింది. టిప్పు గుడారం కూడా ఇక్కడి సేకరణలోదే. నూలు గుడ్డ మీద కూజాల్లోంచి లేచిన పూలగుత్తులు. కలంకారీ దుప్పట్లు వాడిన చేతులకు ఆ గుడ్డ ఏ దేశానిదో ఎవరూ చెప్పక్కర్లేదు. కోట తోటలు చాలా అందంగా ఉన్నాయి, మెట్లు మెట్లుగా కొండవాలు మీద. అందరూ వాటికోసమే వస్తారు. నాకు మాత్రం ఈ వస్తువులున్న చిన్న గదిలో గడిపిన సేపే ఎక్కువ గుర్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కోటదాకా టాక్సీ పెట్టుకోవడం మేలు, దారి ఎత్తుకు పోతుంది.

ష్రూజ్‌బరీ నుంచి దక్షిణంగా వెళ్లే లైను చర్చ్ స్ట్రెటన్, లడ్లో, హెరెఫర్డ్ మీదుగా న్యూపోర్ట్ చేరుతుంది. లడ్లోకి అరగంట. మూడు బసల్లో నేను మళ్లీ వెళ్తానంటే ముందు ఈ ఊరికే వెళ్తాను. కొండ మీద కోట, కోట గుమ్మం ముందే సంత. సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో సంత ఉంటుంది, మీ రోజులు వాటికి సరిపడేలా చూసుకోండి. జున్ను, రొట్టెలు, ఆపిల్ రసం, పాత సామాన్లు, మొక్కలు. సంతలో అమ్మేవాళ్లు నిలబడి కబుర్లు చెప్పేంత తీరికగా ఉంటారు. కోటలో కప్పులేని గదుల మధ్య గుండ్రటి ప్రార్థనామందిరం ఒకటి ఉంది, పన్నెండో శతాబ్దపుది. దాని లోపలిగోడ చుట్టూ రాతి కమానుల వరస చెక్కారు, ఒక్కో కమాను అంచున చెక్కడం ఒక్కో తీరుగా ఉంది. వేలితో తడుముతూ చుట్టూ తిరిగాను. ఎనిమిదో హెన్రీ రాజుకు అన్నయ్య అయిన ఆర్థర్ పదిహేనేళ్లకే ఈ కోటలో 1502లో చనిపోయాడు. అతని వితంతువు కేథరిన్‌నే తర్వాత హెన్రీ చేసుకున్నాడు, ఆ పెళ్లి రద్దు గొడవే ఇంగ్లండు మతాన్ని రోమ్ నుంచి విడదీసింది. కోట వెనక దిగితే టెమ్ నది, డిన్‌హమ్ వంతెన. వంతెన దాటి ఎక్కితే విట్‌క్లిఫ్ అనే గుట్ట, అక్కడినుంచి ఊరంతా అరచేతిలో ఉన్నట్టు కనపడుతుంది. సెప్టెంబరులో తిండి పండగ జరుగుతుంది. ఆ వారాంతంలో గదులు దొరకవు, దొరికినా ధర మండుతుంది.

లడ్లోలో మా బస ఒక పాత పబ్బు పైన. గది చూడముచ్చటగా ఉంది, పొద్దుటి టిఫినూ బాగుంది, కానీ శుక్రవారం రాత్రి పదకొండున్నర దాకా కింద సందడి తగ్గలేదు. పైగా మెట్లు ఇరుకు, లిఫ్ట్ లేదు, సామాను మోసేవాళ్లూ లేరు. ఈ పాత ఊళ్లలో సగం బసలు ఇంతే. బుక్ చేసేముందు రెండు ప్రశ్నలు రాసి అడగండి: గది ఏ అంతస్తులో ఉంది, కింద బార్ ఉందా. నిద్ర ముఖ్యమనుకునేవాళ్లకు బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ ఇళ్లు మంచివి. ఇంటావిడ స్వయంగా వండిపెడుతుంది, ఏ బస్సు ఏ పూట రాదో కూడా చెబుతుంది. లిఫ్ట్ తప్పనిసరి అయినవాళ్లకు ప్రీమియర్ ఇన్ లాంటి హోటళ్లే నయం. వాటిలో ఊరి వాసన ఉండదు గానీ మంచం, స్నానాలగది ఎక్కడైనా ఒకేలా శుభ్రంగా ఉంటాయి. వంటిల్లు ఉన్న అద్దె ఇళ్లు మనవాళ్లకు అన్నిటికంటే హాయి, కాకపోతే ఒక్క రాత్రికి ఇవ్వరు, రెండు మూడు రాత్రులైనా తీసుకోవాలంటారు.

తిండి సంగతి. శాకాహారులకు ఇప్పుడు ఇబ్బంది లేదు, ప్రతి మెనూలో ఆకు గుర్తు ఉంటుంది. ఇబ్బంది వేళలతోనే. చిన్న ఊళ్లలో పబ్బు వంటిల్లు రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదికి కట్టేస్తారు, మనం ఇంట్లో కంచం పెట్టుకునే వేళకి. పొయ్యిలో కాల్చిన పెద్ద బంగాళాదుంప మీద బీన్సో జున్నో వేసిచ్చేది మధ్యాహ్నానికి కడుపు నింపుతుంది. ఇండియన్ రెస్టారెంటు అని బోర్డున్నవాటిలో చాలావరకు సిల్హెట్ నుంచి వచ్చిన బంగ్లాదేశీయులు నడిపేవి. తడ్కా దాల్ అడిగి, కారం పెంచమని చెబితే ఆప్యాయంగా చేసిపెడతారు. గదిలో కెటిల్ తప్పకుండా ఉంటుంది కనుక వేడినీళ్లు పోస్తే అయ్యే ఉప్మా ప్యాకెట్లు, కందిపొడి, ఓ చిన్న సీసా మాగాయ పెట్టుకుంటే సాయంత్రం వానలో బయటికి పోనక్కర్లేదు.

లడ్లో పక్కన క్రేవెన్ ఆర్మ్స్ దగ్గర చీలి స్వాన్సీ దాకా పోయే హార్ట్ ఆఫ్ వేల్స్ లైను గురించి చాలామంది గొప్పగా చెబుతారు. గొప్పదే. చాలా స్టేషన్లలో అడిగితేనే రైలు ఆపుతారు. ఎక్కగానే గార్డు వచ్చి ఎక్కడ దిగుతారని అడిగి రాసుకుంటాడు. ఎక్కాలంటే ప్లాట్‌ఫారం మీద నిలబడి డ్రైవరుకు కనిపించేలా చెయ్యెత్తాలి, మన పల్లెల్లో బస్సు ఆపినట్టే. నక్లస్ దగ్గర లోయ మీద 13 కమానుల వంతెన ఉంది, రెండు చివర్లా కోట బురుజులు కట్టారు. కానీ రోజుకు నాలుగైదు రైళ్లే. ష్రూజ్‌బరీ నుంచి స్వాన్సీ దాకా దాదాపు నాలుగు గంటలు కూర్చోవడం కంటే లండ్రిండాడ్ వెల్స్ దాకా వెళ్లి, చెరువు చుట్టూ నడిచి, తిరుగు రైలు పట్టుకోవడమే సుఖం. ఆ రైలు వేళ కాగితం మీద రాసి పెట్టుకోండి, అది తప్పితే మళ్లీ గంటల తరబడి ఏమీ లేదు.

ఇక ఉత్తరానికి. ష్రూజ్‌బరీ నుంచి మాంచెస్టర్, అక్కడినుంచి లీడ్స్, లీడ్స్ నుంచి స్కిప్టన్. ఈ ఒక్క రోజే ప్రయాణం బరువనిపిస్తుంది. రైళ్లు మారేచోట అరగంట ఎడం పెట్టుకోండి, ప్లాట్‌ఫారం నంబరు చివరి నిమిషాల్లో గాని బోర్డు మీద పడదు. ఇక్కడినుంచి కార్లైల్ దాకా పోయే కొండ రైలు దారిలోని సెటిల్ ఊరు చిన్నగా ముద్దుగా ఉంటుంది గాని, బసకు స్కిప్టన్ మేలు. లీడ్స్ వైపు రైళ్లు ఎక్కువ, కాలువ ఒడ్డున చదునుగా ఎంత దూరమైనా నడవచ్చు, ఇక్కడా వారానికి నాలుగు రోజులు సంత. దారిలోనే సాల్టెయిర్. టైటస్ సాల్ట్ అనే ఉన్ని మిల్లు యజమాని 1853లో మిల్లు తెరిచి, దాని చుట్టూ పనివాళ్లకు ఇళ్లు, బడి, ఆసుపత్రి కట్టించిన ఊరు. వీధులకు భార్యాపిల్లల పేర్లు పెట్టాడు, పబ్బు మాత్రం రానివ్వలేదు. 2001 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. స్టేషన్ గేటు దాటితే మిల్లే, రెండు గంటలు చాలు.

సెటిల్-కార్లైల్ లైనుకు మాత్రం రోజంతా ఇవ్వండి. 1980లలో దీన్ని మూసేద్దామనుకుంటే వేలమంది అభ్యంతరాలు రాశారు. చివరికి 1989లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ అభ్యంతరాల్లో రస్వార్ప్ అనే కుక్క పాదముద్ర కూడా ఒకటి. అది కూడా టికెట్టు కొన్న ప్రయాణికుడే కదా అని స్వీకరించారట. గార్స్‌డేల్ స్టేషన్లో దాని విగ్రహం ఉంది. ఉత్తరానికి వెళ్తుంటే డెంట్ దాటేదాకా ఎడమవైపు కిటికీ పట్టుకోండి, లోయ అటే. ఇంగ్లండులో మెయిన్ లైన్ల మీద అన్నిటికంటే ఎత్తున్న స్టేషన్ డెంటే, 1150 అడుగులు. ఊరు స్టేషన్‌కు నాలుగు మైళ్లకు పైనే, కనుక ఊరు చూద్దామని దిగకండి.

దిగాల్సింది రిబుల్‌హెడ్‌లో. 24 కమానుల వంతెన రైల్లో కూర్చుంటే సరిగా కనపడదు, మనం దానిమీదే ఉంటాం కదా. స్టేషన్ నుంచి నడిచి కమానుల కిందికి వెళ్తే 104 అడుగుల రాతి స్తంభాలు. 1870లలో ఆ బోడి మైదానంలో గుడిసెలు వేసుకుని వేల మంది కూలీలు దీన్ని కట్టారు, ఎందరో ప్రమాదాలకూ మశూచికీ పోయారు. గాలి చెవుల్లో హోరెత్తుతుంది. జూన్‌లోనైనా మంకీ క్యాప్ ఉంచుకోండి. తర్వాతి రైలుకు రెండు గంటలుంటే స్టేషన్ పక్కనే పబ్బుంది.

కార్లైల్ నుంచి ఓపిక ఉంటే గంటలోపు హెక్సమ్ చేరొచ్చు. 674లో పునాది పడిన మఠం, దాని నేలమాళిగలో రోమన్ల కోటల నుంచి తెచ్చి పేర్చిన రాళ్లు. రోమన్ చక్రవర్తి హేడ్రియన్ కట్టించిన గోడను చూపించే బస్సు నంబరు ఏడీ 122, గోడ కట్టడం మొదలైన ఏడాది. చలికాలంలో వెళ్లేవాళ్లు అది నడుస్తుందో లేదో ముందే కనుక్కోండి.

టికెట్ల విషయంలో ముందుగా కొంటే చవకగా వచ్చే అడ్వాన్స్ టికెట్టు ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. దారిలో దిగి ఊరు చూసి ఎక్కాలంటే రద్దీ లేని వేళలకిచ్చే ఆఫ్-పీక్ టికెట్టే కొనాలి, దాంతో సాధారణంగా మధ్యలో దిగనిస్తారు. అరవై దాటితే పాస్‌పోర్టు చూపి సీనియర్ రైల్‌కార్డు తీసుకోండి, విజిటర్లకూ ఇస్తారు. 35 పౌండ్లు, టికెట్లలో మూడోవంతు తగ్గుతుంది. అంతకంటే చిన్న దంపతులకు టూ టుగెదర్ కార్డు, అయితే ఇద్దరూ కలిసే ప్రయాణించాలి, పని రోజుల్లో తొమ్మిదిన్నర తర్వాతే. మా రైలు ఒకటి రద్దయితే టికెట్టు ఫోటో పెట్టి డిలే రిపే అనే పరిహారం అడిగాం, డబ్బు తిరిగొచ్చింది. 28 రోజుల్లోపు అడగాలి.

బసలు మారే ప్రయాణాన్ని ఆదివారం పెట్టుకోకండి. రైళ్లు ఆలస్యంగా మొదలవుతాయి, పట్టాల పనులుంటే బదులు బస్సు వేస్తారు. ఉన్నది మూడు నాలుగు రోజులే అయితే ఉత్తరం జోలికి పోకుండా ష్రూజ్‌బరీలోనే ఉండి, సంత రోజున లడ్లో, ఇంకో రోజు వెల్ష్‌పూల్ చూసి రండి.