నీళ్ల మోతకు సొరకాయ బుర్రా, కూల్‌డ్రింక్ సీసానా?

చైత్ర పౌర్ణమి ఎండల్లో సలేశ్వరం జాతరకు నల్లమలలో నడిచేవాళ్లకు భుజాన నీళ్లు ఉండాల్సిందే. ఇంట్లోనే చేసుకోదగ్గ, తేలికైనవి రెండున్నాయి.

సొరకాయ బుర్ర మన పాత పద్ధతి. కాయ తీగకే ముదిరి, ఊపితే గింజలు గలగలమనాలి. మెడ దగ్గర కోసి, నీళ్లు పోసి కొన్నాళ్లు నానబెడితే లోపలి గుజ్జు కుళ్లి మెత్తబడుతుంది. పుల్లతో గీకి, గులకరాళ్లు వేసి గిలకొట్టి కడగాలి. రోజూ నీళ్లు మార్చాలి. నాలుకకు ఏమాత్రం చేదు తగిలినా ఆ బుర్ర నీళ్లు తాగొద్దు, చేదు సొర విషమే. చేదు లేకపోతే మాత్రం అందులో నీళ్ల చల్లదనం ప్లాస్టిక్‌కు రాదు. ఉట్టిలా తాడు అల్లితే భుజానికి హాయిగా వేలాడుతుంది. రాయి మీద పడితే మాత్రం పగులుతుంది.

సీసాతో పని పది నిమిషాలే. 2 లీటర్ల కూల్‌డ్రింక్ సీసా తీసుకోండి. గ్యాస్ ఒత్తిడి తట్టుకునేలా చేస్తారు కాబట్టి మామూలు వాటర్ బాటిల్ కంటే గట్టిది, ఖాళీగా 50 గ్రాముల చుట్టూ ఉంటుంది. మూత కింది అంచు దిగువన నైలాన్ తాడు బిగించి, రెండో కొస అడుగున కట్టేస్తే చాలు. వేడినీళ్లు పోస్తే ముడుచుకుపోతుంది.

బరువు, భద్రత చూస్తే నా ఓటు సీసాకే. తిరిగొచ్చేటప్పుడు దాన్ని అడవిలో పారేయకండి, దయచేసి. ఇంటి దగ్గర పందిరి ఉంటే ఒక కాయను కోయకుండా వదిలేయండి, వచ్చే ఏడుకు బుర్ర సిద్ధమవుతుంది.