ఆర్కే బీచ్‌లో 'ఆర్కే' ఎవరో తెలుసా? విశాఖలో మఠాలు చూసిన రెండు రోజులు

మా అత్తయ్యకు అరవై ఎనిమిది. మోకాళ్ల నొప్పులు. అయినా "ఎప్పుడూ సింహాచలం, కైలాసగిరేనా, ఈసారి వేరేవి చూపించు" అన్నారు. సరే, సన్యాసులు ఉన్న చోట్లు, ఒకప్పుడు ఉండి వెళ్లిపోయిన చోట్లు చూద్దామని బయల్దేరాం.

రాజమండ్రి నుంచి వస్తున్నాం కాబట్టి విశాఖ దాకా పోకుండా అనకాపల్లిలోనే దిగాం. ఇది మంచి ఆలోచనే, కాకపోతే లగేజీ ఉంది. బ్యాగులు ఆటోలోనే వదిలి, ఆటో ఆయన మీద భారం వేసి బొజ్జన్నకొండ ఎక్కాం. కిందికి వచ్చేసరికి ఆయన బ్యాగుల మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. రానూపోనూ, వెయిటింగ్‌తో కలిపి 400 తీసుకున్నాడు. దండగ అనిపించలేదు.

ఊరి పేరు శంకరం. శివుడి పేరే అనుకున్నాం గానీ, బౌద్ధ భిక్షువుల మఠాన్ని 'సంఘారామం' అనేవారు, అదే జనం నోట నలిగి శంకరం అయిందట. బొజ్జన్న కూడా బుద్ధుడేనంటారు. 1907లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా దొరికింది. కొండను తొలిచిన గుహల్లో కూర్చున్న బుద్ధుడు, పైన ఇటుకల స్తూపం. పక్కనే లింగాలకొండ. రాతిలోనే చెక్కిన చిన్నచిన్న స్తూపాలు వరసలు వరసలుగా ఉంటాయి. దూరానికి శివలింగాల్లా కనిపిస్తాయి కనుక ఆ పేరు. అత్తయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేశారు. స్తూపాలని చెప్పాను. "అయితే ఏమయిందే, దండం ఎక్కడికీ పోదులే" అన్నారు.

మెట్లు మాత్రం ఆవిడకు కష్టమయ్యాయి. సగంలో రెండుసార్లు కూర్చున్నారు. అయినా రెండు రోజుల్లో ఒక్కటే చూసే వీలుంటే నేను చెప్పేది బొజ్జన్నకొండే.

బస ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక లాడ్జిలో. ఆన్‌లైన్‌లో లిఫ్ట్ ఉందని రాశారు. ఉంది, కానీ పనిచేయదు. మూడో అంతస్తు. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఏడు వరకేనట, అదీ ఆరున్నరకి చెప్పారు. పెద్దవాళ్లతో వెళ్తే బుక్ చేసేముందు ఫోన్ చేసి "లిఫ్ట్ ఇవాళ పనిచేస్తోందా" అని అడగండి, "ఉందా" అని కాదు.

సాయంత్రం రామకృష్ణా బీచ్. మనం ఆర్కే బీచ్ అని పలికే ఆ రెండక్షరాలూ ఎదురుగా ఉన్న రామకృష్ణ మిషన్ ఆశ్రమానివే. 1938 నుంచి ఉంది. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు వెళ్లానో, ఎన్ని మిరపకాయ బజ్జీలు తిన్నానో, రోడ్డు దాటి లోపలికి ఒక్కసారి కూడా పోలేదు! హారతి వేళకు ప్రార్థన హాల్లో కూర్చున్నాం. బయట హారన్లు, లోపల కాషాయాల్లో స్వాములు, భక్తులు గొంతు కలిపి పాడుతున్నారు. దర్శనం క్యూ లేదు, తోపులాట లేదు. మిగతా చోట్ల రాళ్లే చూశాం, ఇక్కడ మాత్రం మఠం జీవితం ఇంకా నడుస్తోంది. కానీ ఆ ఒక్క గంటలో మనకు కనిపించేది వాళ్ల రోజులో చిన్న ముక్కే.

మర్నాడు పొద్దున పాతబస్తీ వైపు రాస్ హిల్. 1860లలో రాస్ అనే ఆయన కట్టుకున్న ఇల్లు తర్వాత మేరీమాత చర్చి అయింది. పక్క కొండల మీద దర్గా, వేంకటేశ్వరస్వామి గుడి ఉన్నాయి. పైనుంచి హార్బరు, డాల్ఫిన్ నోస్ కొండ బాగా కనిపిస్తాయి. నిజానికి ఇది మఠం కాదు, చర్చి. క్రైస్తవ మఠం అంటే కాన్వెంటే. మన ఊళ్లో కాన్వెంట్ అంటే టై కట్టుకుని వెళ్లే ఇంగ్లీష్ మీడియం బడి. అసలు అర్థం కన్యస్త్రీలు కలిసి ఉండే ఇల్లు. వాళ్లు ఉన్నచోటే బడి పెట్టారు, పేరు బడికి అతుక్కుపోయింది. అవి చూసి వచ్చే చోట్లు కావు, కనుక గేటు దగ్గర ఆగి ఫోటో కొట్టే ప్రయత్నం కూడా చేయలేదు.

అక్కణ్ణించి భీమిలి రోడ్డులో తొట్లకొండ. బండి దాదాపు పైదాకా వెళ్తుంది, అత్తయ్య బతికిపోయారు. 1976లో నేవీ వాళ్ల సర్వేలో ఇక్కడి బౌద్ధ మఠం బయటపడింది. 1988లో తవ్వకాలు మొదలయ్యాయి. రోమన్ వెండి నాణేలు దొరికాయి, అంటే కింద సముద్రంలో వర్తకులు, పైన భిక్షువులు. 2019 వానలకు మహాస్తూపం కొంత కూలితే మళ్లీ కట్టారు.

"ఇంత కొండ మీద నీళ్లెక్కడివే వీళ్లకి?" అన్నారు అత్తయ్య. పేరులోనే ఉంది జవాబు. వాన నీరు నిలవడానికి రాతిలో తొలిచిన తొట్లు. అందుకే తొట్లకొండ. ఆవిడకు స్తూపం కన్నా ఆ తొట్లే నచ్చాయి. చుట్టూ తిరిగి, వంగి లోతు చూసి, "మా పుట్టింటి గాబు కన్నా పనితనం" అని తేల్చారు. తర్వాత భిక్షువుల గదుల పునాదులు, వంటశాల, భోజనశాల. వానాకాలం మూడు నెలలు భిక్షువులు ఊరూరా తిరగకుండా ఒకేచోట ఉండాలని నియమం. ఇన్ని గదులు ఎందుకో అది తెలిస్తే గానీ అర్థం కాదు. నీడ మాత్రం తక్కువ. గొడుగు, నీళ్ల సీసా లేకుండా వెళ్లకండి. ఎండాకాలమైతే తొమ్మిదిలోపే చూసి దిగిపోవాలి.

భోజనశాల రాళ్ల దగ్గర, మిట్టమధ్యాహ్నం దాటితే భిక్షువులు అన్నం ముట్టరని చెప్పాను.

"రోజూనా? మా ఏకాదశే నయం" అన్నారు.

సంచిలో పులిహోర ఉంది. టైమ్ చూశాను, పన్నెండుంపావు. అత్తయ్య అప్పటికే కారు వైపు నడుస్తున్నారు. "గేటు దాటాక తిందాం. అక్కడ వాళ్ల రూలు వర్తించదు."